తోకయ్య వచ్చేదాకా

చిట్టికి యాభై దాటాయి. కళ్ళజోళ్ల షాపుకి యజమానురాలు, ఇద్దరు పెళ్ళీడు పిల్లల తల్లి, వాళ్ళ ఊళ్ళో సగం మంది ముక్కుల కొలతలు కంఠతా వచ్చిన మనిషి. అయినా అక్క నోట ఇంకా చిట్టే. ఆ ఉదయం లాడ్జి ముందు అద్దె సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉంటే, చిట్టి ఒక్కో సీటునీ అరచేత్తో నొక్కి చూసి, అన్నిట్లోకీ మెత్తగా ఉన్న సైకిలు అక్క కోసం పట్టుకొచ్చింది. సీటు దించింది, బ్రేకులు నొక్కి చూసింది, హ్యాండిలు పైటచెంగుతో తుడవబోయి, తను వేసుకున్నది ప్యాంటూ చొక్కా అని గుర్తొచ్చి రుమాలు తీసి తుడిచింది. ఈ సేవంతా ఎందుకో అక్కకి తెలియదా? తెలుసు. తెలిసే నవ్వుకుంటూ ఎక్కి కూర్చుంది.

సంగతి ఇదీ. అక్కది పుస్తకాల బైండింగు పని. అచ్చయిన కాగితాల ఫారాలు మడవడం, కుట్టడం, జిగురు రాసి అట్టలెయ్యడం, జీవితమంతా అదే. ఆవిడ చేసే ప్రెస్సు నెలాఖరుకి మూతపడుతోంది. మా ఇంటికి వచ్చెయ్, మేడ మీద గది నీదే, పొద్దున పూట షాపులో కూర్చుందువుగాని అని చిట్టి పోరు పెడుతోంది. ఇంకోపక్క, కుట్టుబల్ల దగ్గర అక్క పక్కనే పనిచేసే స్నేహితురాలు ఓ రేకుల షెడ్డు చూసి పెట్టింది, ఇద్దరం కలిసి చిన్న బైండింగు పెట్టుకుందాం అంటోంది. అక్క ఎవరికీ ఔననలేదు, ఎవరినీ కాదనలేదు. సముద్రం పక్కన మూడు రోజుల సైకిలు యాత్ర ఉందట పద అని చిట్టి లాక్కొస్తే, సరే, వెళ్ళేటప్పుడు చెప్తాలే అంది. అందుకని ఈ మూడు రోజులూ అక్కని అరచేతిలో పెట్టుకుని చూసుకోవాలని చిట్టి తీర్మానం. నీ పక్కనే తొక్కుతాను, వదిలితే ఒట్టు అని బయలుదేరే ముందే మాటిచ్చింది.

బయలుదేరదీసేముందు గైడు ఓ పద్ధతి చెప్పాడు. దారిలో ఫోన్లు పనిచెయ్యవు, మలుపులు ఎక్కువ. అందుకని మలుపు వచ్చినప్పుడల్లా, తన వెనక ఎవరుంటే వాళ్ళని అక్కడ దింపుతాడు. వాళ్ళు పసుపుపచ్చ కోటు తొడుక్కుని, వెళ్ళవలసిన వైపు చెయ్యి చాపి నిలబడాలి. అందరూ దాటిపోయాక, గుంపు చివర్న తోకలాగా ఓ పెద్దమనిషి వస్తాడు. ఆయన వచ్చి ఇక నా వెనక ఎవరూ లేరు అని చెప్పేదాకా అక్కణ్ణించి కదలకూడదు. ఆ తోక పనికి ఒప్పుకున్నాయన బళ్ళో డ్రిల్లు మాస్టరుగా చేసి మానేసినవాడు. సాయంత్రానికల్లా అందరికీ ఆయన తోకయ్య అయిపోయాడు. ఆయనా ఏమీ అనుకోలేదు. తలకాయగా ఉండి తిట్లు తినేకంటే తోకగా ఉండడమే నయం అన్నాడు.

మొదటి రోజు చిట్టి మాట నిలబెట్టుకుంది. నిలబెట్టుకుంది కానీ దాని కష్టం దానికే తెలుసు. అక్క తొక్కుడు పెళ్ళినడక. కాస్త ఎత్తు వస్తే చాలు, దిగి నెట్టుకుంటూ నడుస్తుంది. నడిచేదల్లా నడవక ఆగి చూస్తుంది. రాళ్ళ మీద ఆరేసిన వలలు చూస్తుంది, వాటిని బాగుచేసే ఆడవాళ్ళ చేతులు చూస్తుంది. ఆ ముడి చూడవే, మేం ఫారం చివర వేసేది కూడా ఇదే ముడి అని వేళ్ళతో గాల్లో వేసి చూపిస్తుంది. చిట్టి ఊఁ కొడుతూనే ముందు పోతున్న జట్టు వైపు చూసేది. వాళ్ళ నవ్వులు గాలికి వెనక్కి కొట్టుకొచ్చేవి. వాళ్ళలో పళ్ళ డాక్టరొకడు ఏదో జోకు చెప్పడం, అందరూ ఘొల్లుమనడం వినపడేది, జోకు మాత్రం వినపడేది కాదు.

ఆ నడకలోనే ఓసారి అక్క, మీ అత్తగారు ఎలా ఉన్నారే అని అడిగింది. చిట్టి అత్తగారు మంచం పట్టి రెండేళ్ళు. మంచం మీంచే గంట కొట్టి ఇంటిని ఏలుతుంది. బాగానే ఉన్నారు, నువ్వొస్తే ఎప్పుడైనా ఓ కంట చూస్తుండు చాలు, నేను కాస్త బయట పనులు చూసుకుంటాను అని చిట్టి తేలిగ్గా అనేసింది. అక్క సైకిలు నెట్టుకుంటూ కాస్త దూరం పోయాక, మంచం పట్టిన మనిషికి ఓ కన్ను చాలదులే అంది. కోపంగా అనలేదు. చిట్టి మాట మార్చి సముద్రం మీదకి పోయింది.

రాత్రి పడుకోబోయేముందు అక్క, నీతో ఇలా తిరిగి ఎన్నాళ్ళయిందే అంది. ఆ ఒక్క మాటతో చిట్టికి సగం పని అయిపోయినట్టే అనిపించింది. మేడ మీద గదికి కర్టెన్లు ఏ రంగువి కొనాలా అని ఆలోచిస్తూ నిద్రపోయింది.

రెండో రోజు యాత్రకే తలమానికం అని గైడు ముందే ఊరించి పెట్టాడు. కొండ అంచున దారి, ఒకపక్క లోతుగా సముద్రం, చివర కొమ్ములా లోపలికి పొడుచుకుపోయిన నేల, దాని మీద లైట్‌హౌసు. లైట్‌హౌసు ఎక్కనిచ్చేది మధ్యాహ్నం దాకానే. ఎక్కాలనుకున్నవాళ్ళు త్వరపడాలి.

కొండ మీద టీ దుకాణం దగ్గర అందరూ ఆగారు. అక్క టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, చిట్టి పక్కన బల్ల మీద సర్దుకుని కూర్చుంది. చిట్టీ, అని ఏదో చెప్పబోయింది. ఈలోగా పళ్ళ డాక్టరు వచ్చి, మీరు ముందు జట్టులోకి రావాలండీ, అంత బాగా తొక్కగలిగి వెనక ఉండిపోతే ఎలా అన్నాడు. చిట్టి ముఖం చింకి చాటంత అయింది. ఏమిటక్కా అని తర్వాత అడిగింది. ఏం లేదులే, దారిలో మాట్లాడుకుందాం అంది అక్క.

దుకాణం దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమది లారీల రోడ్డు, కుడిది కొండ దారి. అప్పుడే బయలుదేరారు కనుక అక్క కూడా ఇంకా ముందు జట్టులోనే ఉంది. గైడు వెనక చిట్టి, చిట్టి వెనక అక్క. గైడు ఆగి, వెనక్కి తిరిగి, చిట్టికి పసుపుపచ్చ కోటు చాపాడు. అమ్మా, ఇక్కడ మీరు.

చిట్టి కోటు అందుకోలేదు. ఇక్కడ నిలబడితే ఆఖరున తోకయ్యతో కలిసి నెమ్మదిగా రావాలి, లైట్‌హౌసు తలుపులు మూసేస్తారు. ఎదురుగా దారి మెలికలు తిరుగుతూ దిగుతోంది. డాక్టరూ వాళ్ళూ అప్పటికే ముందుకు వంగి ఉన్నారు. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అనేది కాదు, అంతవరకూ దాన్ని నమ్మవచ్చు.

"మా అక్క నిలబడుతుంది లెండి. ఎలాగూ తను వెనకే కదా రావడం."

అక్క దానివైపు చూసింది. కాలు దించింది, సైకిలు పక్క రాతికి ఆనించింది, కోటు అందుకుని తొడుక్కుంది. ఆ కోటు ఆవిడకి రెండింతలుంది. కోటు చేతులు పైకి మడుచుకుని, కుడి వైపు చెయ్యి చాపి నిలబడింది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా! చిట్టి, ఇప్పుడే తోకయ్య వచ్చేస్తాడక్కా అని అరిచి, బ్రేకు వదిలేసింది.

ఆ దిగుడు గురించి చెప్పాలంటే చిట్టి తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోదగ్గ సుఖమే. గాలి చొక్కాలోకి దూరి వీపు మీద ఉబ్బింది. కంట్లో నీళ్ళు తిరిగాయి. షాపు లేదు, అత్తగారి గంట లేదు, కళ్ళజోడు ముక్కు మీద నొక్కుతోందని వచ్చేవాళ్ళు లేరు. ఇంత వయసొచ్చాక మొట్టమొదటిసారి తనకోసం ఎవరూ కాచుకుని లేరు అనిపించింది. అనిపించడానికేం, వెనక ఒక మనిషి చెయ్యి చాపి నిలబడే ఉంది.

లైట్‌హౌసు పైకి మెలికల మెట్లు. ఎక్కేసరికి అందరికీ ఆయాసం. పైన చుట్టూ ఇనప కటకటాలు, నాలుగు దిక్కులా నీళ్ళు. డాక్టరు మెళ్ళో బైనాక్యులర్సు వేసుకొచ్చాడు కానీ, అందులో అంతా మసకగా ఉందని విసుక్కుంటున్నాడు. కళ్ళజోళ్ల షాపావిడ ఉండగా మనకేం అని ఎవరో అంటే చిట్టి అందుకుంది. ముందు ఓ కన్ను మూసి మధ్య చక్రం తిప్పింది. తర్వాత రెండో కన్నుకి కుడి గొట్టం తిప్పి సరిచేసింది. చేతికి అలవాటైన పని. దేన్ని చూసి సరిచెయ్యాలా అని ఎదురుగా ఉన్న కొండ వైపు పెట్టింది. దారి సముద్రపు పాయ చుట్టూ తిరిగి వచ్చింది కానీ, నీళ్ళ మీదుగా సూటిగా చూస్తే ఆ కొండ దగ్గరే. మసకలోంచి ముందు టీ దుకాణం రేకులు తేలాయి. తర్వాత పసుపుపచ్చగా ఒకటి. ఇంకొంచెం తిప్పింది. అక్క.

నిటారుగా నిలబడి ఉంది. చెయ్యి చాపే ఉంది. దారి మీద పిట్ట లేదు, మనిషి లేడు. చెయ్యి కాస్త వాలింది. అక్క రెండో చేత్తో మోచెయ్యి కింద పట్టుకుని మళ్ళీ పైకెత్తింది.

చిట్టి బైనాక్యులర్సు దించి కిందకి చూసింది. లైట్‌హౌసు ముందు, జట్టు సామాను మోసే వ్యాను ఆగి ఉంది. అందులోంచి తోకయ్య దిగుతున్నాడు. వెనకే జట్టులో బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఆయన సైకిలు. టీ దుకాణం దగ్గరే బ్యాంకాయన వెనక టైరు పగిలితే, ఇద్దర్నీ సైకిళ్ళనీ కిటికీల్లేని వ్యాను వెనక సామాను మధ్య ఎక్కించుకుని లారీల రోడ్డు మీదుగా తీసుకొచ్చిందన్నమాట. తన ముందు ఒకావిడ కొండ దారి మొదట నిలబడి ఉందని ఆ తోకయ్యకి తెలియదు. తెలిసింది ఒక్క చిట్టికే.

అప్పుడే చెప్పాలి. మెట్లు దిగి, గైడుతో ఒక్క మాట అంటే అయిపోయేది. చిట్టికి నోటిదాకా వచ్చింది. చెబితే నువ్వే వెళ్ళి తీసుకురా అంటారేమో, ఆ ఎత్తంతా మళ్ళీ తొక్కాలేమో అనుకుంది. నువ్వే కదమ్మా నిలబెట్టింది అని అందరి ముందూ అంటారేమో అని కూడా అనుకుంది. వ్యాను డ్రైవరు కాస్త తిని బయలుదేరతాడు, అప్పుడు చెబుదాం, పది నిమిషాలే కదా. ఇలా తనకి తనే సర్దిచెప్పుకుంటూ బైనాక్యులర్సు డాక్టరుకి ఇచ్చేసింది. ఆయన అటే చూసి, ఆ పసుపుపచ్చ కోటు మీ అక్కగారు కదూ, భలే నిలబడ్డారండీ అన్నాడు. ఔనండీ అంది చిట్టి.

కింద చెట్ల నీడలో రొట్టెలు, ఉడికించిన గుడ్లు, నారింజపళ్ళు పెట్టారు. చిట్టి తిన్నది. రుచి తెలిసిందా అంటే తెలిసింది, అదే తర్వాత దాన్ని కాల్చుకు తిన్న సంగతి. అందరూ కలిసి ఫోటో దిగారు. డాక్టరు జోకు చెప్పాడు, ఈసారి చిట్టికి మొదటినుంచి చివరిదాకా వినపడింది, నవ్వింది. నారింజ తొనలు వలుచుకుంటూ తోకయ్య పక్కనే వచ్చి కూర్చునేసరికి ఇక ఆగలేకపోయింది. అప్పుడే గుర్తొచ్చినదానిలా చుట్టూ చూసి, అయ్యో, మా అక్కేది అంది. తన గొంతు తనకే దొంగ గొంతులా వినపడింది.

తోకయ్య ఏ మలుపు దగ్గర అని అడిగాడు. చెప్పగానే చేతిలో పండు అక్కడే పెట్టి, ఎవరు ఆగమన్నా ఆగకుండా, తప్పు నాది అంటూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. గైడు వెనకే వ్యాను పంపాడు. నేనూ వెళ్తాను అని చిట్టి లేచింది. మీరెందుకమ్మా, వ్యాను వెళ్ళిందిగా అని గైడు అంటే మళ్ళీ కూర్చుంది.

వ్యాను ఖాళీగానే తిరిగొచ్చింది. వచ్చినదాన్ని ఈ దారి చూడకుండా వ్యానులో ఎందుకు, తొక్కుకుంటూనే వస్తాను అందట అక్క. వాళ్ళిద్దరూ వచ్చేసరికి మిగతావాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. లైట్‌హౌసు తలుపుకి తాళం పడింది. తోకయ్య అందరి ముందూ చేతులు జోడించి క్షమించమన్నాడు. దానికేముందండీ, తోక కాస్త ఆలస్యమైనా వచ్చిందిగా అని అక్క నవ్వేసింది. చిట్టి దాచి ఉంచిన రొట్టె, గుడ్డు ఇస్తే నిలబడే తిన్నది.

ఆ రాత్రి బసలో అక్క దువ్వెన పట్టుకుని జుట్టు దాకా చెయ్యెత్తబోయి, ఎత్తలేక దించేసింది. కుడి చెయ్యి భుజం దగ్గర పట్టేసింది. మోచేతి కింద ఎండకి కమిలి ఎర్రగా ఉంది. ఇలా తే అని చిట్టి దువ్వెన లాక్కుని వెనక కూర్చుంది. అక్క జుట్టు పల్చబడింది. పాపిట దగ్గర తెల్లగా మాడు కనిపిస్తోంది. చిక్కు తగలకుండా చివర్లనుంచి నెమ్మదిగా దువ్వసాగింది.

అక్క కబుర్లు చెప్పింది. తమవాళ్ళు కాని సైకిళ్ళవాళ్ళు ఎవరో ముగ్గురు వస్తే వాళ్ళకీ దారి చూపించిందట, వాళ్ళు చక్కగా కుడికి తిరిగి వెళ్ళిపోయారట, పాపం ఎక్కడికి పోవలసినవాళ్ళో. ఓ లారీ అతను ఆగి, ఎండలో ఎందుకమ్మా, దింపుతాను ఎక్కు అన్నాడట. మా తోకయ్య రావాలి బాబూ, నేను కదిలితే వెనకవాళ్ళు దారి తప్పుతారు అందట. అతను నాకు పిచ్చనుకుని వెళ్ళిపోయాడే అని కిసుక్కున నవ్వింది. చిట్టి నవ్వలేకపోయింది. చెప్పేద్దాం, ఇప్పుడే, ముఖం కనపడకుండా వెనక ఉన్నాను కదా అనుకుంది. నోరు తెరిచింది.

"అంతా ఆ గైడు నిర్వాకం. మనుషుల్ని లెక్క చూసుకోవద్దూ?"

చిట్టి జడ వేసి చివర రబ్బరుబ్యాండు చుట్టాక, అక్క తడిమి చూసుకుని, బాగా వేశావే అంది.

మూడో రోజు పొద్దున ఫలహారాల బల్ల దగ్గర డాక్టరు అక్క ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మంచివాడే. మెచ్చుకుందామనే వచ్చాడు. "నిన్న పైనుంచి మిమ్మల్ని బైనాక్యులర్సులో చూశామండీ. మీ చెల్లెలుగారే ముందు చూశారు. సిపాయిలా నిలబడ్డారు మీరు."

అక్క గుడ్డు పెంకు వలుస్తోంది. "ఎప్పుడండీ?" అని అడిగింది.

"లైట్‌హౌసు ఎక్కగానే. భోజనాలకి ముందు."

ఔనా అంది అక్క. పెంకు ముక్కలన్నీ ఒక్కచోటికి చేర్చింది, ఒక్కటి కూడా బల్ల మీద మిగల్లేదు. చిట్టి వైపు చూడలేదు. చూసి ఉంటే, తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది. ఉప్పు ఇటివ్వండి అని డాక్టరుని అడిగి, గుడ్డు తిని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆ రోజు దారంతా చదును, ఇసుక పక్కనే. చిట్టి అక్కని వదిలితే ఒట్టు. ఆగితే ఆగింది, దిగితే దిగింది. డాక్టరు జట్టు రమ్మని పిలిచినా పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదే. అక్క ముభావంగా ఉందా అంటే లేదు. పీతలు చూపించింది, పడవల రంగుల గురించి మాట్లాడింది, నీ మోకాలు నొప్పిగా ఉందా అని అడిగింది. కొత్తగా పరిచయమైన మనిషితో ఉన్నంత మర్యాదగా ఉంది. అది చిట్టికి ఎండకంటే ఎక్కువ తగిలింది.

యాత్ర ముగిసేది బస్టాండు దగ్గర. సైకిళ్ళు అప్పజెప్పారు, ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. అక్కది ఒక ఊరి బస్సు, చిట్టిది ఇంకో ఊరిది. ఇద్దరూ సిమెంటు బల్ల మీద సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చిట్టే ముందు మాట్లాడింది. నాదే తప్పక్కా, చూసి కూడా చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు అంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

అక్క ఎడమ చేత్తో దాని వీపు రాసింది.

"ఎందుకో నాకు తెలుసే. అలిసిపోయావు. షాపు, ఇల్లు, మీ అత్తగారు. నీకూ కాస్త గాలి కావాలి. అది తప్పని నేననను." సంచి ఒళ్ళో సర్దుకుంది. "నిన్న టీ దుకాణంలో చెబుదామనుకున్నాను, మీ ఇంటికి వచ్చేస్తానని. గోలగా ఉందని దారిలో చెబుదాంలే అని ఊరుకున్నా."

చిట్టి తలెత్తింది. దుకాణానికీ ఆ మలుపుకీ మధ్య దూరం ఎంత! సైకిలు ఎక్కి కుదురుగా కూర్చునేలోపే వచ్చేసింది కదా.

"ఇప్పుడు రావా?"

"రానమ్మా. నువ్వు చెడ్డదానివని కాదు. అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించాను. నీ ఇంటికొచ్చినా ఇంతే. ఒక్క నిమిషం చూస్తుండక్కా, ఇప్పుడే వస్తానని వెళ్తావు. వస్తావు కూడా, రావని కాదు. నువ్వు వచ్చేదాకా నేను కదలను. అదే నాకు భయం. ఆ షెడ్డులో అయితే, నా స్నేహితురాలు ఓ వైపు కుడుతుంది, నేనో వైపు కుడతాను. పోటీ పడతాం, పోట్లాడుకుంటాం."

చిట్టికి మేడ మీద గది, కిటికీ, కర్టెన్లు అన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అక్క చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమైనా ఉంటే దాన్ని పట్టుకుని వేళ్ళాడేది. పోనీ చేతికి మందైనా తెస్తే బాగుండుననిపించింది. రోడ్డుకి అవతల మందుల షాపు కనిపించింది. ముక్కు తుడుచుకుని లేచింది.

"నొప్పికి రాసుకునేదేమైనా తెస్తాను. ఇక్కడే ఉండక్కా, ఒక్క నిమిషం."

అన్నాక గాని తెలియలేదు తనేమందో. అప్పటికే రెండడుగులు వేసింది, వెనక్కి తిరగడానికి మొహం చెల్లలేదు. అక్క ఊఁ అననూ లేదు, వద్దననూ లేదు.

షాపులో ఇద్దరు ముగ్గురు ముందున్నారు. మందు తీసుకుని పరుగున బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. అక్క ఊరి బస్సు కదిలి గేటు దాటుతోంది. కిటికీ పక్కన అక్క కూర్చుని ఉంది. చిట్టి మందు ట్యూబు పైకెత్తి చూపిస్తూ రోడ్డు దాటింది. అక్క చూసింది. నవ్వింది కూడా, బాగానే నవ్వింది, ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టి ఊపింది. బస్సు ఆపమని మాత్రం ఎవరినీ అడగలేదు.